కుడికాలి ఫిన్

దొరికింది ఒక్కటే ఫిన్, ఈతగాళ్ళు కాలికి తొడుక్కునే రెక్క. కుడికాలిది. నల్ల రబ్బరు రెక్క, మడమ దగ్గర స్టీలు స్ప్రింగు పట్టీ, రెక్క మొదట్లో తెల్లరంగుతో గుండ్రటి గీత. సముద్రం అడుగున ఇనుప బోను కింద ఇరుక్కుని ఉంటే, నిన్న సాయంత్రం దాన్ని పీకి పైకి తెచ్చింది పారిస్ డిటెక్టివ్ దెల్మోత్. ఇప్పుడు దాన్ని డైవింగ్ క్లబ్బు బల్ల మీద పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, రైలుకి టైమయినవాడిలా నిలబడ్డాడు.

"ఈ తెల్ల గీత ఎవరిది?" అని అడిగాడు.

"నాదే," అన్నాడు గుల్వెన్. "ఆ జత నాదే. షెడ్డులో కొక్కేనికి వేలాడుతుంటుంది. బుధవారం చూస్తే ఎడమది ఒక్కటే ఉంది."

"నీ అదృష్టం. కుడిది నేను వెతికిపెట్టాను."

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వెన్న కారుతున్న కేకు ముక్కని తీరిగ్గా తింటోంది సోజిగ్ త్రెవిదిక్. ఆమె కూడా డిటెక్టివే. బ్రెస్త్ పోలీసుల్లో పనిచేసి, విసుగెత్తి బయటికొచ్చి, సొంతంగా బోర్డు పెట్టుకుంది. మోకాలి లోతు దాటితే నీళ్ళంటే ఆమెకు హడల్. పోర్స్‌గరెక్ లాంటి రేవు ఊళ్ళో ఈత రానిది పిల్లుల తర్వాత తనొక్కతేనని ఆమే చెప్పుకుని నవ్వుతుంది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. పోర్స్‌గరెక్‌లో బిడ్డ పుడితే తండ్రి ఆరు సీసాల ఆపిల్ సారా పెట్టెలో సర్ది, పెట్టె మీద బిడ్డ పేరు చెక్కించి, అఖాతం అడుగున ఉన్న బోనులో దింపిస్తాడు. ఆ బిడ్డ పెళ్ళినాడు క్లబ్బువాళ్ళు దిగి దాన్ని పైకి తెస్తారు. ఊరంతా చూస్తుండగా మొదటి గుక్క వధూవరులది, మిగతాది గట్టు మీద ఎవరి చేతికి అందితే వాళ్ళది. ఎనోరా తాలెక్ పెళ్ళి రేపు. ఆమె పేరు చెక్కిన పెట్టె బోనులోనే ఉంది గానీ అందులో ఒక్క సీసా లేదు. బోనుకి కాపలాదారు గుల్వెన్. పెళ్ళికొడుకూ గుల్వెనే. సీసాలు లేవని బుధవారం పొద్దున్న లబోదిబోమంటూ వచ్చి చెప్పిందీ అతనే.

ఎనోరా తండ్రి హెర్వె తాలెక్‌కి మూడు పీతల పడవలు, ముప్పై పడవలంత గొంతు ఉన్నాయి. సీసాలు కాపాడలేనివాడు పిల్లనేం కాపాడతాడు, అవి దొరికేదాకా పెళ్ళి లేదు అని గట్టు మీద నిలబడి అరిచాడు. అంతటితో ఆగకుండా పారిస్ నుంచి డిటెక్టివ్‌ని పిలిపించాడు. ఎనోరా తండ్రికి తగ్గ కూతురు. ఆమె వెళ్ళి సోజిగ్ తలుపు తట్టింది.

"తొమ్మిది మీటర్ల లోతు," అని దెల్మోత్ వేళ్ళు మడుస్తున్నాడు. "నా లోతు గడియారం అబద్ధం చెప్పదు. సిలిండర్ లేకుండా అక్కడ సీసాలు సర్దుకోవడం ఎవరి తరమూ కాదు. సిలిండర్ల గది తాళం ఎవరి దగ్గరుంది? ఇతని దగ్గర. ఫిన్ ఎవరిది? ఇతనిది. సముద్రంలో నానిన సారా అంటే పారిస్ హోటళ్ళు ఎగబడి కొంటాయి. ఇంకేం కావాలి మేడమ్?"

"ఇంకో ముక్క కేకు," అంది సోజిగ్. చేతులు తుడుచుకుని లేచి, ఫిన్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుల్వెన్, ఇది వేసుకో బాబూ."

గుల్వెన్ గోడ పక్కనున్న తన మందపాటి రబ్బరు బూటు తొడుక్కుని, ఆ బూటుతో సహా పాదాన్ని ఫిన్‌లోకి తోసి, స్ప్రింగు మడమ వెనక్కి లాగాడు. టప్పుమని పట్టుకుంది. తీయమంది. ఒక గుంజుకి రాలేదు. బల్ల పట్టుకుని రెండోసారి లాగితే వచ్చింది.

ఇంత బిగుతుగా ఎందుకు కొన్నావని ఆమె అడగడమే పొరపాటయింది. ఫిన్ల గురించి ఎవరైనా అడిగితే గుల్వెన్‌కి తన కష్టాలన్నీ మరుపుకొస్తాయి. ఉత్త కాలితో వేసుకుని చూసి కొనేవాళ్ళు డబ్బు నీళ్ళలో పోసినట్టేనన్నాడు. చల్లటి సముద్రానికి ఏ బూటు వేస్తామో ఆ బూటుతోనే ఫిన్ తొడిగి చూడాలట. లోపల వేళ్ళు ముడుచుకోకూడదు, మడమ ఎత్తితే ఊగకూడదు. బిగుతు ఎక్కువైతే పిక్క పట్టేస్తుంది, వదులైతే ప్రవాహం ఊడబెరుక్కుపోతుంది. రెక్క గట్టిగా ఉంటే వేగం వస్తుంది గాని తొడల్లో సత్తువ ఉండాలి. నీటి పైపైన మాస్కు, గొట్టం పెట్టుకుని గంటల తరబడి తేలేవాళ్ళకి మెత్తటిదే హాయి. స్ప్రింగు పట్టీ అయితే బిగించే గోల లేదు, తన కాలికి సరిపోయిందంటే ఎప్పటికీ అంతే.

"నావి చూడు," అని దెల్మోత్ మధ్యలో అందుకున్నాడు. అతనివి నారింజ రంగువి, రెక్క మధ్యకి చీలి ఉంటుంది. "ఇవి వేసుకుంటే కాలు కదిపినట్టే ఉండదు. ఇంతకంటే మంచివి బజార్లో లేవు."

"వెచ్చటి ప్రశాంతమైన సముద్రంలో బ్రహ్మాండంగా ఉంటాయి సార్," అన్నాడు గుల్వెన్ మర్యాదగా. "ఇక్కడ ఆటు దిగేటప్పుడు బోను పక్కన రాళ్ళ మధ్య నీళ్ళు గుంజుతాయి. వీటితో అయితే ఉన్నచోటే సైకిలు తొక్కుతారు."

సోజిగ్ ఇద్దరినీ ఆపింది. రెండు గుంజులకు గాని రాని ఫిన్, బోను కింద ఇరుక్కుంటే తనంతట తను ఎలా ఊడిపోయిందని అడిగింది. అది గుల్వెన్ కాలికి ఉండుంటే ఫిన్‌తో పాటు గుల్వెన్ కూడా అక్కడే ఇరుక్కునేవాడు కదా. వేసుకున్నది చిన్న పాదం అయి ఉండాలి. స్ప్రింగుని బిగించడం కుదరదు, అందుకే జారిపోయింది.

"చిన్న పాదమైతే ఈదుతున్నప్పుడే ఊడిపోయేది, బోను దాకా ఎందుకొస్తుంది?" అన్నాడు దెల్మోత్. ఆ ప్రశ్నలో పస ఉంది. సోజిగ్ అది ఒప్పుకుంది, ఆమెకు అలాంటి భేషజాలు లేవు. ఒప్పుకుంటూనే ఫిన్ లోపలికి రెండు వేళ్ళు పెట్టి, ముని వేళ్ళుండే చోట తడిమింది. ఏదో మెత్తగా, తడిగా తగిలింది. లాగితే గుల్వెన్ బూటు తోపుకి అణిగిన గుప్పెడు గడ్డి వచ్చింది.

"సముద్రపు నాచు," అని దెల్మోత్ పెదవి విరిచాడు. "అక్కడ అడుగంతా అదే. నేను నిన్ననే చూశాను."

సోజిగ్ ఒక పోచ తీసి వెలుతురుకి పెట్టి చూసింది. సముద్రపు గడ్డి రిబ్బనులా పలకగా ఉంటుంది. ఇది గుండ్రంగా, లోపల బోలుగా, మధ్యలో కణుపుతో ఉంది. పొలంలో పండిన గడ్డి. చిన్న పాదం ఊగకుండా ఎవరో ముందుభాగంలో కూరారు. ఆమె తలెత్తి గుల్వెన్‌ని చూసింది. అప్పటిదాకా రేడియోలా మోగినవాడు టక్కున ఆగిపోయాడు. కళ్ళు ఆ పోచ మీదే ఉన్నాయి. ముఖంలో నెత్తురు లేదు.

"ఇది ఎవరు పెట్టారో తెలుసా?" అని అడిగింది.

"తెలీదు," అన్నాడు. బూటు విప్పుకుంటూ, "అయినా ఇంకెందుకు మేడమ్ ఇదంతా. నేనే తీశానని రాసుకోండి. ఫిన్ నాదేగా," అన్నాడు.

దెల్మోత్ అప్పుడే జేబులోంచి పెన్ను తీశాడు. సోజిగ్ అతని చేతిలోంచి పెన్ను లాక్కుని తన జుట్టు ముడిలో గుచ్చుకుంది. పావుగంట ముందు తను నిర్దోషినని మొత్తుకున్నవాడు గడ్డిపోచ చూసి నేరం నెత్తినేసుకున్నాడంటే, అతనికి దొంగ ఎవరో తెలిసిపోయిందన్నమాట. పైగా ఆ దొంగంటే అతనికి ఇష్టం. ఎనోరా అనుకుందామంటే ఆమె పాదాలు దాదాపు అతనంత ఉంటాయి, అది ఊళ్ళో పాత జోకు.

"పదండి మిస్టర్ దెల్మోత్," అంది. "ఆ బోను నాకోసారి చూపించండి."

"మీకు ఈత రాదట కదా."

"అందుకే మీరు తోడు."

మధ్యాహ్నం భోజనాల వేళ దగ్గర పడుతోంది. దెల్మోత్ రబ్బరు సూటు తొడుక్కుని, సిలిండర్ వీపుకెత్తుకుని, తన అలవాటు ప్రకారం రేవు మెట్ల దగ్గరే నారింజ ఫిన్లు కూడా తగిలించుకుని తిరిగి చూస్తే సముద్రం లేదు. నిన్న అతను దూకిన చోట తడి ఇసుక, దాని మీద గుల్లలు తవ్వుకుంటున్న ముసలీ ముతకా కనిపించారు. సముద్రం అల్లంత దూరాన రాళ్ళ అవతల మెరుస్తోంది. ఫిన్లు విప్పితే పరువు పోతుందనుకున్నాడో ఏమో, అలాగే ముందుకు నడవబోయాడు. ఫిన్లతో వెనక్కి నడవాలన్న సంగతి ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. రెండో అడుగులోనే రెక్క ఇసుకలో దిగబడి బోర్లా పడ్డాడు. గుల్లలు తవ్వేవాళ్ళు పాపం అతను లేచేదాకా నవ్వాపుకున్నారు.

సోజిగ్ రబ్బరు బూట్లతో ఇసుక దాటి రాళ్ళ చివరి దాకా వెళ్ళి నిలబడింది. బోను గుర్తుగా కట్టిన పసుపు బుడగ రాయి పక్కనే తేలుతోంది, దాని తాడు సగానికి పైగా నీటి మీద వదులుగా చుట్టలు చుట్టుకుని ఉంది. ఒక పడవ తెడ్డు అడిగి తెచ్చుకుని నీళ్ళలో నిలువుగా దింపింది. చివర పిడి మిగిలుండగానే ఇనుము మీద టంగుమని తగిలింది.

"ఇదేనా మీ తొమ్మిది మీటర్లు?" అంది.

దెల్మోత్ ఇసుక ఉమ్మేసి తన గడియారం వైపు చూసుకున్నాడు. నిన్న ఎప్పుడు దిగారని అడిగితే, సాయంత్రం అన్నాడు. అంటే నిండు పోటులో. అతను డైవింగ్ నేర్చుకున్నది దక్షిణాన, ఆటూపోటూ లేని సముద్రంలో. అక్కడ పొద్దున ఎంత లోతో సాయంత్రమూ అంతే. ఈ వారమంతా పున్నమి ఆటులని, నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయని, మధ్యాహ్నానికి ఇక్కడ ఒక మనిషిన్నర లోతు కూడా ఉండదని సోజిగ్ చెప్పింది. సిలిండర్ ఎందుకు, ఒక మాస్కు, నోట్లో గొట్టం, కాళ్ళకు ఫిన్లు చాలు. ఊపిరి బిగబట్టి మునగడం, ఒక సీసా తీయడం, తేలడం. ఆరు మునకలు.

"పట్టపగలు? ఇంతమంది మధ్య?" దెల్మోత్ చుట్టూ చూశాడు.

చుట్టూ బుట్టలతో ఆడవాళ్ళు. ఒకరు నడుం లోతులో, ఒకరు మెడ లోతులో, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టి నత్తల్ని తీస్తున్నారు. పెద్ద ఆటునాడు బుట్ట పట్టుకుని నీళ్ళలో ఉన్న ముసలమ్మని పోర్స్‌గరెక్‌లో ఎవరూ రెండోసారి చూడరు. ముసలమ్మ అనే మాట మనసులోకి రాగానే సోజిగ్‌కి జేబులోని గడ్డి గుర్తొచ్చింది. కాలికి పెద్దదైన చెక్కబూటులో గడ్డి కూరుకోవడం ఆమె చిన్నప్పుడు చూసింది. ఇప్పుడు ఊళ్ళో చెక్కబూట్లు వేసేది ఒక్కరే. నాలుగు రోజులుగా ఎనోరా తప్ప తాలెక్ ఇంటివాళ్ళెవరూ గుల్వెన్ మొహం చూడకపోయినా, రోజుకో కేకు పంపుతున్నదీ ఆ ఒక్కరే. పొద్దున తను తిన్న కేకు కూడా ఆ చేతిదేనని గుర్తొచ్చి సోజిగ్‌కి నవ్వాగలేదు.

ఫిలోమెన్ తాలెక్, హెర్వె తల్లి, ఎనోరా నాన్నమ్మ, వంటింట్లో పెనం మీద అట్లు పోస్తోంది. డెబ్బై దాటినా భుజాలు పడవ లాగేవాళ్ళలా ఉంటాయి. సోజిగ్ గుమ్మంలో విడిచిన చెక్కబూట్లలోకి తొంగి చూసి, లోపలికొచ్చి, జేబులోని గడ్డిని బల్ల మీద పెట్టింది. ముసలామె దాన్ని చూసింది. అట్టు తిరగేసింది. సోజిగ్ ముందు కంచం పెట్టింది.

"తిను పిల్లా. వేడిది."

"కాలు ఒరుసుకుందా ఫిలోమెన్?"

"కొద్దిగా. ఆ స్ప్రింగు ఉత్త మడమకి మంచిది కాదు." ముసలామె కూర్చుంది. "పెద్దదైతే గడ్డి పెట్టుకోవడం మా అమ్మ నేర్పింది. చెక్కయితే ఏం, రబ్బరైతే ఏం. ఒకప్పుడు ఉత్తకాళ్ళతోనే ఆ రాళ్ళ మధ్యకి వెళ్ళొచ్చేదాన్ని. ఇప్పుడు ఆ గుంజుడికి తట్టుకోలేను. షెడ్డులో తలుపు పక్కన ఏవి ఉంటే అవి తీసుకున్నాను. అవి ఆ కుర్రాడివని నాకు తెలీదు. ఆరో సీసాకి ఒకటి బోను కిందికి పోయింది, గడ్డితో సహా జారిపోయింది. రెండోది మళ్ళీ తగిలించి వచ్చాను."

సీసాలు ఎందుకు తీశావని సోజిగ్ అడిగింది. ముసలామె బల్ల సొరుగు లాగింది. సొరుగులోంచి ఒక సీసా తీసి, ఇదివరకే విప్పిన మూత ఊడదీసి, గ్లాసులో రెండు చుక్కలు పోసింది. సోజిగ్ వాసన చూసింది. నాలుకకి తగిలించింది. ఆమె మొహం చూసి ముసలామె తల ఊపింది.

"టీ. నేను కాచిన టీయే. ఎనోరా పుట్టిన తెల్లారి నా కెటిలు ఖాళీగా ఉంది, నా కొడుకు నిలబడలేకుండా ఉన్నాడు. అప్పుడే అర్థమైంది. ఇన్నేళ్ళూ వాడితో అనలేదు. రేపు ఊరంతా చూస్తుండగా ఆ పిల్ల ఇది తాగితే నా కొడుకు ఈ గట్టు మీద తలెత్తుకోగలడా? సీసాలు పోయాయంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారనుకున్నా. కుర్రాడి మీదికి వస్తుందని అనుకోలేదు. రోజూ చెబుదామనుకుంటాను. చెబితే కొడుకు పోతాడు, చెప్పకపోతే మనవరాలి పెళ్ళి పోతుంది."

"ఆ కుర్రాడికి తెలుసు," అంది సోజిగ్.

"ఏం తెలుసు?"

"పొద్దున గడ్డి చూడగానే తెలిసింది. నీ పేరు చెప్పలేదు. నేనే తీశానని రాసుకోమన్నాడు."

పెనం మీద అట్టు మాడుతున్నా ఫిలోమెన్ లేవలేదు.  కళ్ళు తుడుచుకోవడానికి ఆప్రాన్ కొస వెతుక్కుంది. తర్వాత లేచి, విప్పిన సీసానీ మిగతా ఐదింటినీ బుట్టలో పెట్టుకుని, చెక్కబూట్లు తొడుక్కుంది.

గట్టు మీద రేపటి డాన్సుకి బల్లలు వేస్తున్నారు. పెళ్ళి ఆగిందో లేదో తేలకపోయినా బల్లలు వేయడం మాత్రం ఆపలేదు, ఊరు అలాంటిది. మేయర్ కోరాంతిన్ నిచ్చెన ఎక్కి దీపాల తీగలు కడుతున్నాడు. ఒక మూల గుల్వెన్, అతన్ని వదలకుండా ఎనోరా, మరో మూల హెర్వె, అతని చెవిలో ఏదో చెబుతున్న దెల్మోత్. ఫిలోమెన్ తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి ఆరు సీసాలనీ బల్ల మీద వరసగా పెట్టింది.

"నేనే తీశాను," అంది. "ముసలిదాన్ని, రేపటిదాకా ఉంటానో లేదోనని ఒక చుక్క ముందే తాగాలనిపించింది. ఆ కుర్రాడి తప్పేం లేదు. బుద్ధి తక్కువ నాది."

బల్లలు మోస్తున్నవాళ్ళు ఆగి చూశారు. తర్వాత గట్టంతా ఒక్కసారిగా నవ్వింది. ఎనోరా గుల్వెన్ మెడ పట్టుకుని వేలాడింది. ఎవరో అప్పుడే అకార్డియన్ తీశారు. ఆ సందడిలో నవ్వనివాళ్ళు ఇద్దరు. ఒకరు హెర్వె, సీసాలు చూసి గోడలా పాలిపోయాడు. రెండోవాడు దెల్మోత్.

"ఇలా ఒప్పుకుంటే సరిపోదు," అన్నాడు. "ఇవి ఆ సీసాలేనని ఎలా తెలుస్తుంది? సరుకు మార్చి ఉండొచ్చు. అన్నీ తెరిచి రుచి చూడాలి. నా రిపోర్టుకి అది కావాలి."

"రేపు చూసుకోవచ్చు," అంది ఫిలోమెన్, సీసాల ముందుకి జరిగి.

"ఇప్పుడే," అన్నాడు దెల్మోత్. తెరిచేది ఎవరో అందించారు కూడా. సోజిగ్ అతని పాదం తొక్కడానికి ముందుకు కదిలింది గాని, అంతలో హెర్వె వచ్చి అతని చేతిలోంచి సీసా తీసుకున్నాడు. మూత తీసి ఒక గుక్క తాగాడు. ముప్పై పడవల గొంతులో ఒక్క పడవ కూడా లేదు.

"టీ," అన్నాడు. "నేనే పోశాను. ఎనోరా, నువ్వు పుట్టిన రోజు డాక్టరు బయటికొచ్చి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరన్నాడు. తెల్లవారుజామున నీ ఏడుపు వినిపించింది. నాకు ఆనందం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నేనూ కోరాంతినూ కలిసి ఆరు సీసాలూ తాగేశాం. పొద్దున్నే సీసాలు దింపాలి. డబ్బుల్లేవు, అమ్మ కెటిలు కనిపించింది." తల్లి వైపు చూడలేక నేల చూశాడు. "అవి పోయాయని తెలిసినప్పుడు బతికిపోయాననుకున్నాను. నేను అరవకపోతే నా మీద అనుమానం వస్తుందని అరిచాను. అరవడం మొదలెట్టాక ఎక్కడ ఆపాలో తెలీలేదు. నా పరువు కోసం ఈ అబ్బాయి పరువు తీశాను."

అకార్డియన్ ఆగిపోయింది. ఎనోరా తండ్రి దగ్గరికి నడిచింది. చెంప మీద కొడుతుందేమోనని సోజిగ్ కూడా అనుకుంది. ఆమె అతని చేతిలోని సీసా తీసుకుని ఒక గుక్క తాగింది, మొహం వికారంగా పెట్టింది, సీసా గుల్వెన్‌కి అందించింది.

"మొదటి గుక్క మాది," అంది. "ఏడాది ఏడాదికీ ఇంత ఘోరంగా తయారయిందా ఇది?"

గుల్వెన్ కళ్ళు మూసుకుని తాగాడు. మింగేదాకా అందరూ ఊపిరి బిగబట్టారు. మింగి, హెర్వె వైపు తిరిగి, చక్కెర తక్కువైందని చెప్పాడు. హెర్వె నవ్వబోయి ఏడ్చాడు. గుల్వెన్ భుజాలు పట్టుకుని, నాలుగు రోజుల తర్వాత మొదటిసారిగా అతనితో మాట్లాడాడు.

"నన్ను క్షమించు అల్లుడూ," అన్నాడు.

ఫిలోమెన్ కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి, అదే చేత్తో నిమిరింది. ఊళ్ళో ఉన్న అసలు సారా అంతా పావుగంటలో గట్టు మీదికి చేరింది. సోజిగ్ గ్లాసు నింపుకుని, దెల్మోత్‌కి ఒకటిచ్చి, ఓదార్పుగా పెన్ను కూడా తిరిగిచ్చేసింది. అతను పెన్ను జేబులో పెట్టుకుని సారా తాగాడు. తర్వాత రైలు సంగతే మరిచిపోయాడు.

చేతులు పట్టుకుని ఆడుతున్నవాళ్ళ డాన్సు గొలుసులో చేరదామని సోజిగ్ లేచేసరికి ఎవరో మోచెయ్యి పట్టుకుని వలల గుట్ట వెనక్కి లాగారు. మేయర్ కోరాంతిన్. నిచ్చెన మీద ఉన్నంతసేపూ హాయిగా నవ్విన మనిషి నుదుటి మీద ఇప్పుడు చెమట పట్టి ఉంది.

"నీతో ఒక పని ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చే నెల మా అబ్బాయి పెళ్ళి."

సోజిగ్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీ పెట్టెలో కూడా టీయేనా మేయర్ గారూ?"

కోరాంతిన్ సముద్రం వైపు చూశాడు. పోటు తిరిగింది, బోను ఉన్నచోట నీళ్ళు అప్పుడే నిండుతున్నాయి.

"మావాడు పుట్టిన రాత్రి టీ కాచే ఓపిక ఎవరికుంది," అన్నాడు. "రాళ్ళు సర్దాను."